అయిదో కుర్చీ

"మళ్ళీ అదేనా, బంగారం?" అంది ట్రెయినీ, విసుక్కోకుండా.

క్లాసులో పిల్లలు నలుగురు, కుర్చీలు అయిదు. ఉదయం పెట్టెలోంచి ఫొటోలు తీసి, వచ్చినవాళ్ళ కుర్చీలకి అంటించాలి. అదే హాజరు. ఎనిమిదేళ్ళ గువ్వకి మాట రాదు గానీ ఈ పని చకచకా చేసేస్తుంది. నలుగురివీ అయ్యాక ఇంకో ఫొటో తీస్తుంది. రెండు జడలు ముందుకేసుకున్న పిల్ల. దాన్ని కిటికీ పక్క ఖాళీ కుర్చీకి అంటిస్తుంది.

"ఈ పాపెవరు మేడమ్?" అని క్లాసు టీచర్ని అడిగింది ట్రెయినీ.

"నేనొచ్చి నెలే కదమ్మా. మానేసిన పిల్లేమో. ఆయమ్మకి తెలియాలి. ఆవిడ కూతురి పురిటికెళ్ళింది."

ట్రెయినీ యూనివర్సిటీలో స్పెషల్ ఎడ్యుకేషన్ చివరి ఏడాది. ఒక్క పిల్లలో ఒక్క మార్పు తెచ్చి చూపిస్తేనే ప్రాక్టికల్స్ గట్టెక్కుతాయి. గట్టెక్కితే ఇదే బళ్ళో ఉద్యోగం ఇస్తామన్నారు. 'లక్ష్యం: గదిలో ఉన్నవారి ఫొటోలు మాత్రమే పెట్టడం' అని రికార్డులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది.

గువ్వ ఆ ఫొటో తియ్యగానే ట్రెయినీ ఖాళీ కుర్చీలో చెయ్యి అటూ ఇటూ ఆడించేది. "చూడు, ఎవరూ లేరు కదా." గువ్వ ఉలిక్కిపడి ఆ చేతిని లాగేసేది. ఫొటో తిరిగి పెట్టెలో వేయిస్తే సబ్బు బుడగలు ఊదేది ట్రెయినీ. గువ్వకి బుడగలంటే ప్రాణం. మూడు వారాలు ఇదే తంతు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మంచి టీచరే అవుతుంది, అందులో అనుమానం లేదు.

పరీక్ష రోజు ప్రొఫెసరుగారొచ్చి వెనక కూర్చున్నారు. గువ్వ ఫొటో పట్టుకుని కిటికీ వైపు చాలాసేపు చూసింది. కళ్ళు నిండాయి. చివరికి ఫొటోని బోర్లా తిప్పి పెట్టెలో వేసేసింది. బుడగలు ఎగిరాయి. గువ్వ వాటి వైపు చూడలేదు.

"నూటికి నూరు," అన్నారు ప్రొఫెసరు. "ఆ కుర్చీ కూడా తీసెయ్యమ్మా. పాత అలవాటు తిరగబెట్టకుండా ఉంటుంది."

ట్రెయినీయే దాన్ని ఎత్తుకెళ్ళి వరండాలో పెట్టొచ్చింది.

సోమవారం ఆయమ్మ వచ్చింది. కిటికీ పక్క ఖాళీ చూసి చతికిలబడింది. "మానేసిన పాప కుర్చీయే కదా అని తీసేశాను," అంది ట్రెయినీ.

"మానెయ్యడమేంటమ్మా. పోయినేడు మూర్ఛొచ్చి ఈ గదిలోనే పోయింది. గువ్వా అదీ ఒకే కంచం, ఒకే మంచం. ఆ ఫొటో తీసెయ్యడానికి నాకు చేతులు రాలేదు."

ట్రెయినీ మొహం పాలిపోయింది. "పోయిన నేస్తాన్ని తలుచుకుంటుంటే... తప్పని నేర్పానా నేను?" అంటూ కిటికీ పక్కన గోడకానుకుని ఏడ్చింది. ఎంత ఏడ్చినా తీరదు ఆ ఏడుపు.

గువ్వ నాలుగే ఫొటోలు అంటించి, ఇటువైపు తలెత్తకుండా తన చోట కూర్చుంది.

ఆ గోడకే, ట్రెయినీ పక్కనే, కుర్చీ తీసేసిన రోజు నుంచీ కూర్చునే చోటు లేక, రెండు జడలూ ముందుకేసుకుని నిలబడే ఉన్నాను నేను.