ఎడమవైపు కింది పన్ను

రాజమణి దంతవైద్యం బోధించిన రోజుల్లో విద్యార్థులు ఎనిమిదిమంది ఒక బల్ల చుట్టూ కూర్చునేవారు. మధ్యలో నిజమైన రోగి. నొప్పి ఎక్కడని అతన్ని అడిగేవారు, నోట్లో చూసేవారు, తమలో తాము పోట్లాడుకునేవారు. ఆన్‌లైన్‌లో చదివే పిల్లలకే మార్కులు ఎక్కువని తేల్చి ప్రభుత్వ పెద్దలు అలాంటి గదులన్నిటికీ తాళాలు వేశారు. అప్పటినుంచి రాష్ట్రంలోని ప్రతి దంతవైద్యుడూ తెరమీది ఒకే రోగితో చదువుకున్నాడు. ఆ రోగి నొప్పి కుడివైపు అంటాడు. పుచ్చిన పన్ను మాత్రం ఎడమవైపు ఉంటుంది.

పన్నెండేళ్ల తర్వాత ఆమెకే పంటినొప్పి వచ్చింది. హనుమకొండలో ఒక దవాఖానకు వెళ్లింది. వరండాలో కూర్చున్నవాళ్లు మాట్లాడుకుంటుంటే గమనించింది. అందరికీ ఎడమవైపు కింద ఒక పన్ను లేదు.

కుర్చీలో వాలగానే, "కుడిదిక్కు బిడ్డా," అంది.

"అందరు గట్లనే అంటరమ్మా," అన్నాడు కుర్ర డాక్టరు ఓపిగ్గా.

"ఒక్కసారి నోట్లకు చూడు."

"చూసుడెందుకమ్మా, తెలిసిందేనాయె. బుగులు పడకుండ్రి. నాది మా దోస్తే తీసిండు." మాస్కు కిందికి లాగి నవ్వాడు. ఎడమవైపు కింద అదే సందు.

సూది ఆమె ఎడమ దవడ దగ్గరికి వచ్చింది. రాజమణి గట్టిగా పళ్లు బిగించింది.

"పండ్లు బిగపట్టుడు గూడ మా పాఠంల ఉన్నదేనమ్మా," అంటూ అతను నోరు తెరిచి పట్టమని నర్సుకు సైగ చేశాడు.