బీచుపల్లికి పోతే తగ్గే నొప్పి

అత్త అన్నంలో కోడలు మమత ఏదో మందు కలుపుతున్నదని పక్కింటి జమ్ములమ్మ అన్నదట. అన్నది మమతతో కాదు, పాలకేంద్రం కాడ నిలబడ్డ ఆడవాళ్లతో. వాళ్లలో ఒకామె వచ్చి, తన పేరు బయటపెట్టొద్దని ఒట్టు వేయించుకుని మరీ, ఆ మాట మమత చెవిన వేసింది.

"లేకుంటే ఏంది? బిడ్డ ఇంటికాడ రాళ్లు తిన్నా అరిగించుకునే ముసల్ది, కొడుకు ఇంటికి వస్తనే కడుపు పట్టుకోని పండుకుంటదా?" అన్నదట.

మమతకు కోపం రాలేదు, భయమేసింది. ఆ మాటలో సగం నిజమే మరి.

అత్త కిష్టమ్మకు డెబ్బై దాటాయి. నిరుడు మామ కురుమయ్య పోయేదాకా ఆమెకు తలనొప్పి కూడా ఎరుక లేదు. గద్వాలలోని ఆ ఇంట్లోనే కురుమయ్య నలభై ఏండ్లు చీరలు నేశాడు. నేలలోకి తవ్విన గుంటలో కాళ్లు దించుకుని ఆయన మగ్గం ముందు కూర్చుంటే, పక్కన కిష్టమ్మ నూలు కండెలు చుట్టేది. పొద్దున ఆ గుంట అంచు తాకి కళ్లకద్దుకున్నాకే ఆమె చాయ తాగేది. ఆయన పోయినంక మగ్గం విప్పి అమ్మేశారు. కొడుకు ప్రవీణ్‌కు నేత రాదు, చీరల దుకాణంలో పని. ఇల్లు బాగుచేయించాడు, రంగులేయించాడు. అమ్మకు కడుపునొప్పి మొదలైంది ఆ తర్వాతే.

మమత కారం తగ్గించింది. పప్పు మానేసింది. మెత్తగా జొన్న గటక కాచి, మజ్జిగ పోసి పెట్టింది. కిష్టమ్మ నాలుగు ముద్దలు తిని కంచం జరిపేసేది.

"నీళ్లన్న తాగు అత్తమ్మా."

"వద్దు బిడ్డా. కడుపు బరువైతది."

బిడ్డ ఊరు పెద్దమందడి పోతే మాత్రం మనిషే వేరు. ఆడబిడ్డ నవనీత ఫోన్లో చెప్పేది. "నిన్న రెండు జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తిన్నది వదినా. పొద్దుగాల్నే నాకంటే ముందు చేనుకు పోయొచ్చింది. కడుపు మాటే లేదు."

శనివారాలు కూడా అంతే. ఆటోలో బీచుపల్లి ఆంజనేయస్వామి కాడికి పోయివచ్చిన రోజు కిష్టమ్మ కడుపు నిండా తినేది. "చూసిండ్రా, స్వామి ముంగట మందు పారదు" అని జమ్ములమ్మ దానికీ ఒక అర్థం చెప్పిందట.

చివరికి నవనీత అన్నకు ఫోన్ చేసింది. "ఐతారం వస్త. అమ్మను తోల్కపోత. మళ్ల పంపను. వదిన చేతి కూడు అమ్మకు పడ్తలేదు, ఇంక నలుగుట్ల నవ్వులెందుకు?"

ప్రవీణ్ పెళ్లాం మొహం చూడలేదు. అదే మమతకు ఎక్కువ కోసింది.

శుక్రవారం ఆమె చెప్పులేసుకుని అత్త ముందు నిలబడింది. "దవాఖానకు పోదాం, లే అత్తమ్మా."

"రేపు బీచుపల్లికి పోతగద. అదే తగ్గుతది."

"నీకు తగ్గుతది. నా మీద పడ్డ మాట తగ్గదు. నా వంటల తప్పుంటే డాక్టరే చెప్పనీ. నేనే మా తల్లిగారింటికి పోత."

ప్రవీణ్ కూడా వెంట వచ్చాడు.

డాక్టరమ్మ అమూల్య కిష్టమ్మ పొట్ట నొక్కి చూసింది. స్కానింగ్ తీయించింది.

"ఇంట్ల ఎట్లుంటది ఈమె?"

"పొద్దున లేస్తనే నొప్పి మేడం" అంది మమత. "బాత్రూం తలుపు కాడికి పోయి వంగిపోతది. నేల పట్టుకోని లేస్తది."

డాక్టరమ్మ కాగితాలు చూసింది. "పుండు లేదు, రాయి లేదు. అవ్వా, దొడ్డికి పోయి ఎన్ని దినాలైంది?"

కిష్టమ్మ గోడ మీది క్యాలెండర్ వైపు చూసింది. "పోయిన శనివారం."

"ఇయ్యాల శుక్రవారం! కడుపుల గట్టిపడి కూసున్నది. మీరందరు లోపలికి ఏం పోతుందో చూసిండ్రు. బయటికి వస్తుందా లేదా అని ఎవరన్న అడిగిండ్రా?"

ఎవరూ అడగలేదు.

"ఈ వయసుల పేగు మెల్లగ పనిచేస్తది. నీళ్లు తాగక, వచ్చింది ఆపుకుంటే ఇంక బిగుస్తది. గిట్లనే ఉంటే ఒకనాడు పేగు మూసుకపోయి పానం మీదికొస్తది. ఇంట్ల బాత్రూం లేదా?"

ప్రవీణ్‌కు రోషం వచ్చింది. "లేకపోవుడేంది మేడం! పెరట్ల పాతది దూరమైతుందని కూలగొట్టి, ఇంట్లనే కట్టించిన. అమ్మ మంచం నుంచి నాలుగు అడుగులు. మోకాళ్లు నొయ్యొద్దని కుర్చీ లెక్క సీటు, పట్టుకోనీకె గోడకు కడ్డీ. తవ్వుడు కూడ పెద్దగ లేకుండె, అమ్మ పెద్దమందడి పోయొచ్చే లోపల మేస్త్రి పని ఖతం చేసిండు."

"మరెందుకు పోవు అవ్వా?"

కిష్టమ్మ కొంగు సర్దుకుంది.

తిరిగి వస్తుంటే ఆటోలో మమతకు అర్థమైంది. పెద్దమందడిలో చేను ఉంది. బీచుపల్లిలో భక్తుల బాత్రూములు ఉన్నాయి. అంతే. మందూ లేదు, మహిమా లేదు. కానీ ఇంట్లో ఎందుకు పోదన్నది మాత్రం అర్థం కాలేదు.

ఆదివారం నవనీత వచ్చింది. విషయం తెలిసి వదిన చెయ్యి పట్టుకుంది. జమ్ములమ్మ కూడా ఏమీ ఎరగనట్టే వచ్చి గడపలో నిలబడింది. "కుర్చీ మీద కూసోనీకె భయమేమో అక్కకు. అలవాటు లేదు గద" అంది.

"ఇట్ల రా అమ్మా" అంటూ ప్రవీణ్ తల్లిని బాత్రూం కాడికి నడిపించాడు. లైటు వేశాడు. నల్లా తిప్పి చూపించాడు. "చూడు, అద్దం లెక్క ఉన్నది. దీనికేం తక్కువైంది? మా పానం తీస్తున్నవు గదనే! ఇందుల కూసోనీకె నీకేం నొప్పి?"

కిష్టమ్మ గడప కాడ ఆగింది. మెల్లగా వంగి, తెల్లటి టైల్స్ అంచు తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

"మీ నాయిన కూసున్న మగ్గం గుంటరా అది."