మేవిస్ బండి

"ఈ శనిగొట్టుదాని బండి నేనెక్కను," అన్నాడు హార్కర్ అందరి ముందూ.

విమానం తోక దగ్గర కూర్చుని తుపాకీ పేల్చేవాడు అతను. అతని జట్టులోని మిగతా ఆరుగురూ వెళ్లి ఇంకో బండిలో ఇరుక్కున్నారు. ఏడోవాడికి చోటు లేక, హార్కర్ పారాచూట్ భుజాన వేసుకుని విమానం వైపు నడక సాగించాడు.

జట్లను విమానాల దాకా బండిలో దింపే డ్రైవరు మేవిస్. ఆమెతో తిరిగిన ఇద్దరు కుర్రాళ్లు యుద్ధంలో జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్లి తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఇంగ్లండులో లింకన్‌షైర్‌లోని ఆ బాంబర్ల దళంలో ఆమె ఎదురైతే చాలు, పక్కకు తప్పుకునేవారు. తప్పుకోనివాడు హార్కర్ ఒక్కడే. నిన్న సాయంత్రం కూడా ఆమెతో డాన్సు చేశాడు.

ఆమె బండిని అతని పక్కనే పోనిచ్చింది.

"చావంటే అంత భయమున్నవాడివి నిన్న నా చెయ్యెందుకు పట్టుకున్నావు?"

"దూరంగా పో, మేవిస్. అందరూ చూస్తున్నారు."

"చూడాలనేగా అంత మాటన్నావు!"

"అవును, చూడాలనే!" అతను ఆమె వైపు తిరగకుండానే అరిచాడు. "నీకూ నాకూ చెడిందని అందరికీ తెలియాలి. లేకపోతే, రేపు నేను తిరిగి రానప్పుడు ఆ నింద కూడా నీ నెత్తినే వేస్తారు."

మేవిస్ బ్రేకు వేసింది. అతనూ ఆగిపోయాడు. ఆమెను తిట్టినప్పుడు తొణకని అతని ముఖం ఇప్పుడు ఎర్రబడింది.

ఆమె తలుపు తెరిచింది. "మూడో నింద కూడా నేనే మోస్తాలే. ఎక్కు."

"ఎక్కకురా, హార్కర్!" ముందు బండిలోంచి ఎవరో కేక వేశారు.

అతను ఎక్కి ఆమె పక్కన కూర్చున్నాడు.