ఫిలొమెన్ కుట్టిన కార్సెట్

“ఆ కార్సెట్ కుట్లు మాత్రం విప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది!”

లియాన్ పట్టణంలో సభామందిరం గుమ్మానికి అడ్డంగా నిలబడింది ముసలి ఫిలొమెన్.

పాత కార్సెట్ చేత పట్టుకొచ్చిన డెల్ఫీన్ మొహం చిట్లించింది. నడుం సన్నబడాలని ఉక్కుబద్దలు పెట్టి బిగించే లోచొక్కా అది; పదమూడో ఏట తనకు దాన్ని కుట్టింది ఈవిడే. కార్సెట్లు మానేయండంటూ ఇప్పుడు డెల్ఫీన్ ఊరూరా ఉపన్యాసాలిస్తోంది.

“ఏం, నీ గుట్టు బయటపడుతుందని భయమా?”

“నాకోసం కాదు తల్లీ...”

“చాల్లే! అమ్మ వద్దు మొర్రో అంటున్నా వినకుండా నా నడుం బిగించేశావట. అమ్మే చెప్పింది.”

ఫిలొమెన్ నిర్ఘాంతపోయింది.

“మీ అమ్మా? ఆ మాట అందా?”

అంటూనే గుమ్మం పక్కకు జరిగింది.

లోపల సభ కిటకిటలాడుతోంది. పారిస్ నుంచి వదులు గౌన్లు దిగాయి కదా, తల్లులందరూ అవే తొడుక్కొచ్చారు. పక్కనున్న కూతుళ్ళకు మాత్రం పెళ్ళయ్యేదాకా కార్సెట్ తప్పదట! ఎంత చోద్యం! ఆ పిల్లలందరికీ కుట్టిపెట్టేది ఫిలొమెనే.

ముందు వరుసలో డెల్ఫీన్ తల్లి ఒర్తాన్స్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొడుతోంది.

డెల్ఫీన్ కార్సెట్ పైకెత్తింది.

“నా చిన్నతనాన్ని నొక్కేసిన చెర ఇది. కుట్టింది ఆవిడే!” అని గుమ్మంవైపు వేలు చూపింది.

“సిగ్గులేదూ!”

“బయటికి నడువ్!”

ముసలామె టోపీ ఎవరో లాగి విసిరేశారు. ఫిలొమెన్ డెల్ఫీన్‌కేసి ఒక్కసారి చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

“ఇందులో ఎంత ఉక్కుందో చూడండి!”

డెల్ఫీన్ కత్తెరతో కుట్లు తెంచింది.

ఒక్క ఉక్కుబద్దా రాలలేదు. బద్దలుండాల్సిన చోటల్లా మెత్తటి నూలుతాడు.

“మోసం!” ఒర్తాన్స్ లేచి అరిచింది. “ఇరవై నాలుగు బద్దలు వెయ్యమని నా నోటితో చెప్పానే! పిల్ల ఏడ్చినా బిగించమన్నానే!”

అనేసి నాలిక్కరుచుకుంది.

డెల్ఫీన్ ఒళ్ళు భగ్గుమంది. కన్నతల్లి తనను మోసం చేసింది. తను ఫిలొమెన్‌కు ద్రోహం చేసింది. ఏడుస్తూ గుమ్మందాకా పరుగెత్తింది. వీధిలో ముసలామె జాడ లేదు.

వెనక తల్లులు గబగబా కూతుళ్ళ నడుములు తడిమి చూస్తున్నారు.

ఒక్కరి చేతికీ ఉక్కు తగల్లేదు.