కృపానందం మాస్టారి పాత మాట

రెబెకాకి ఆ మధ్యాహ్నం చేపల పులుసు దించాలి, అమ్మకి బీపీ మాత్ర ఇవ్వాలి, రెండింటికల్లా గ్రామ సచివాలయంలో డ్యూటీకి ఉండాలి. అన్నం వడ్డిస్తుంటే రోజులాగే గుమ్మంలో కృపానందం మాస్టారు. రాజోలులో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయి ఏడాది.

"భోంచేసేరా మాస్టారూ?"

"ఆయ్, అయిందమ్మా. ఇవాళ్టి పాత ఇంగ్లీషు మాట, గ్రోక్. ఇప్పుడెవరూ వాడరు. మొదట్లో కుక్కల్ని అనేవారట."

"అంటే ఏంటండీ?"

"తినేవాళ్ళని చూస్తూ, రమ్మంటారేమోనని ఊరికే నిలబడటం."

"దానికీ ఓ మాటా అండీ!" అమ్మ ఎలీసమ్మ నవ్వింది.

రెబెకా నవ్వలేకపోయింది. ఏడాదిగా ఆయన వస్తున్నది ఈ వేళకే.

ఇంకేమీ అడక్కుండా కంచం పెట్టి, కుర్చీ జరిపింది. మాస్టారు తల వంచుకుని తిన్నారు.

భోజనాల వేళ మీ గుమ్మంలో ఎవరైనా కబుర్లు చెబుతూ నిలబడితే, కృపానందం మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి.