కాశ్మీరు తెర

అన్యాయం ఎవరికి జరిగింది? సోమల గోవిందప్పకూ, అతని భార్య రత్నమ్మకూ. ఏమిటా అన్యాయం? పెళ్లయిన కొత్తలో పుంగనూరు స్టూడియోలో, కాశ్మీరు సరస్సు గీసిన తెర ముందు వాళ్లిద్దరినీ నిలబెట్టి, ఫోటోగ్రాఫర్ ఆదినారాయణ రీలు లేని కెమెరాతో ఫ్లాష్ మాత్రం వెలిగించాడు. పల్లె జనం మీద రీలు ఖర్చు చేయడం అతనికి ఇష్టముండేది కాదు. ఫోటో కోసం వాళ్లు మూడు మార్లు తిరిగాక, "వెలుతురు తగిలి రీలు పాడయింది" అన్నాడు.

పన్నెండేళ్ల తర్వాత, రెండువేల మూడులో, ఆ గోవిందప్పే హార్స్లీ హిల్స్‌లో కొండ అంచున ఉన్న గాలిబండ మీద అతని ఎదుట నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగులు. ఆదినారాయణ వెనుక లోయ.

"నన్ను గుర్తుపడితివా అప్పా?"

"పట్టినా." ఆదినారాయణ మెడలో వేలాడే కెమెరాను చేత్తో పట్టుకున్నాడు. "రత్నమ్మ బాగుండాదా?"

"పోయిన నెల సచ్చిపాయ. ఇల్లంతా ఎతికినా, ఆమెది ఒక్క బొమ్మ లేదు. స్టూడియోకి పోతే నువ్వీడ ఉండావనిరి. ఆ కెమెరా ఇట్లియ్యి."

ఆ కెమెరాలో ముప్పై అయిదు బొమ్మలున్నాయి. దేశంలో చూడదగిన చోట్లతో క్యాలెండరు వేస్తామన్న ఒక ప్రెస్సు కోసం, కన్యాకుమారి పొద్దుపొడుపు నుంచి అసలు కాశ్మీరు సరస్సు దాకా నెల్లాళ్లు తిరిగి, చోటుకు ఒకటో రెండో చొప్పున పొదుపుగా తీసినవి. ఈ కొండకని దాచుకున్నది ఆఖరి ఒక్కటే. అయినా ఇచ్చేశాడు. మిట్టమధ్యాహ్నం, చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు.

గోవిందప్ప కెమెరాను కంటికి ఆనించుకున్నాడు.

"రవంత ఎనక్కి జరుగు."

జరిగాడు. మడమ కింద రాయి కదిలి లోయలోకి దొర్లింది. అది కింద పడిన చప్పుడు వినిపించలేదు.

"ఇంకా రవంత. గడ్డమెత్తు. నవ్వు."

ఆనాడు తెర ముందు ఆదినారాయణ పలికిన మాటలే, అదే వరసలో. అతను కూలబడి రెండు చేతులూ జోడించాడు.

"తోసేయొద్దప్పా. ఆ పొద్దు కెమెరాలో రీలు లేదు. ఉత్త ఫ్లాషే కొట్టినా. తప్పయిపాయ."

గోవిందప్ప కెమెరా దించాడు.

"రీలే లేదా? పాడయిందంటే నేను నమ్మినా గదప్పా. కాశ్మీరం సూపించిన అయ్యని రత్నమ్మ సచ్చేదాకా నిన్నే తలుసుకొనె. ఆమె బొమ్మ ఎట్లా లేదు, నీ బొమ్మన్నా గోడకు పెట్టుకుందామని వచ్చినా."

గోవిందప్ప కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంట్లో ఉండాదా రీలు?"

"ఉండాదప్పా. ఒట్టు."

"తెరిసి సూపియ్యి."

"ఎండలో తెరిస్తే వెలుతురు తగిలి అన్నీ పాడయిపోతాయి."

"ఆ పొద్దూ నువ్విదే చెప్తివి."

గోవిందప్ప కెమెరా అందించాడు కానీ, దారికి అడ్డం తొలగలేదు. ఆదినారాయణ ఒకసారి లోయ వైపు చూశాడు. తానే కెమెరా మూత తెరిచి, ముప్పై అయిదు బొమ్మల రీలును చివరిదాకా ఎండలోకి లాగి చూపించాడు.

గోవిందప్ప పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"ఆ పొద్దు చెప్పిన మాట ఈ పొద్దు నిజమాయ. బాకీ తీరె, పోప్పా."