టేపు కొలత

రాజశ్రీ బెల్లం కుల్ఫీ అచ్చులు పట్టుకొచ్చి, పెళ్లిరోజుకి మొగుడు కొనిచ్చిన కొత్త ఫ్రీజరు మూత ఎత్తింది. లోపల నిండా నల్లగుడ్డ చుట్టలే.

“ఏటండీ ఇవి?”

“జిగురు పట్టించిన కార్బన్ గుడ్డే. మన షెడ్డులో కట్టే షికారు పడవలకి. సల్లగా ఉంచాల, వేడి తగిల్తే గట్టిపడి పాడైపోతాది,” అన్నాడు త్రినాధరావు.

“మరి నా కుల్ఫీ యాపారం?”

“ఓ మూల సర్దుకోవే.”

మూల ఎక్కడుంది? చుట్టలు ఈ గోడ నుంచి ఆ గోడకి అతికినట్టు సరిపోయాయి. షాపులో అతను ఫ్రీజరు లోపల టేపు పెట్టి కొలుస్తుంటే, తన అచ్చుల కోసమేనని ఎంత మురిసిపోయింది!

రాజశ్రీ ఒక చుట్ట భుజాన వేసుకుని మేడమెట్ల వైపు నడిచింది.

“ఎక్కడికే?”

“ఆ టేపు ఇలా ఇవ్వండి. మేడ మీద ఎండ ఎంతమేర పడతాదో కొలవాల.”